సున్నం బాణాలు

ఫిబ్రవరి 2, ఆదివారం

పాస్టరమ్మ క్రిస్మస్‌కు ఇచ్చిన డైరీ ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. మొదటి పేజీలో పేరు, వయసు, ఉద్యోగం, రక్తం గ్రూపు రాయాలట. పేరు రెబెకా. వయసు నలభై నాలుగు. ఉద్యోగం దగ్గర పెన్ను ఆగింది. ఎర్రబండ గుట్టకు ఎదురుగా మంచె మీద కూర్చుని రాబందులను చూడటం అని రాస్తే చదివినవాళ్లు నవ్వుతారు. చదివేవాళ్లెవరూ లేరు కాబట్టి అదే రాశాను. రక్తం గ్రూపు తెలియదు.

ఇక అసలు సంగతి. ఆదివారం నాకు సెలవే, కానీ గుడ్డు పెట్టి యాభై రోజులు దాటిందని కాలు నిలవక పొద్దున్నే పోయాను. ఏడింటికి గూడు మీది పక్షి లేచి పక్కకు జరిగింది. దాని కాళ్ల మధ్య ఇంత దూది ముద్ద కదిలింది. దుర్బిన్ అద్దాలు కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. పిల్ల! మెడ నిలవడం లేదు కానీ నోరు మాత్రం తెరుస్తోంది. తల్లో తండ్రో, నాకు ఇప్పటికీ తేడా తెలియదు, వంగి దాని నోట్లో కక్కింది. నేను మంచె మీద కూర్చుని ఏడ్చాను. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. రాబందు పిల్ల నాకు ముద్దయింది, ఏం చేస్తాం.

మూడేళ్లలో ఇదే మొదటి పిల్ల. ముందు రెండేళ్లూ గుడ్లు చెడిపోయాయి. ఈ పని మా ఆయన పేతురుది. ఆయన ఐదేళ్లు కాపలా కాస్తే నేను రోజూ సద్ది పట్టుకుపోయి పక్కన కూర్చునేదాన్ని. ఆయన పోయి రెండేళ్లయింది. మంచె, దుర్బిన్, రిజిస్టరు నాకు వచ్చాయి. ఈ పిల్లను చూడటం ఆయనకు రాసి లేదు.

రిజిస్టరులో రోజుకు మూడు గళ్లు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. గూడు మీద పెద్ద పక్షి ఉంటే "ఉంది" అని రాయాలి, లేకుంటే "లేదు" అని రాయాలి. ఆ బండ తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దు పొడిచిన దగ్గర నుంచి పదకొండు దాకా ఎండంతా గూటి మీదే. పెద్ద పక్షి రెక్క నీడ లేకపోతే ఆ దూది ముద్ద మాడిపోతుంది. ఇంకో రెండు నెలలు ఆ రెక్క పడితే చాలు, తర్వాత దాని రెక్కలు దానికి వస్తాయి.

ఫిబ్రవరి 5

ఉంది. ఉంది. ఉంది. పిల్ల మెడ నిలుపుతోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

గొంతు బొంగురుపోయింది. చర్చిలో పాట పాడలేదు.

తమ్ముడు వెస్లీ కరీంనగర్ నుంచి ఎనిమిది మందిని తెచ్చాడు. ట్రెక్కింగ్ అట. గుట్టలెక్కి దిగడానికి మనుషులు సెలవు పెట్టుకుని వస్తారని నాకు ఈ వయసులో తెలిసింది. వాడు దుబాయ్ నుంచి వచ్చి ఏడాదిన్నర. మొదటి ఆరు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. తర్వాత జమ్మికుంట పత్తి యార్డులో ఒక సీజన్ చేశాడు, అదీ మానేశాడు. ఇప్పుడు ఫోన్‌లో ఏవో ఫొటోలు పెట్టి మనుషులను పోగేశాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటుంటే చూసి లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

అయితే వాడు తెచ్చిన దారి వాగులో నుంచి, సరిగ్గా బండ కింద నుంచి. నేను మంచె మీద ఉన్నాను. టోపీ పెట్టుకున్న ఒకడు రాయి తీసి గూటి వైపు గురి చూస్తున్నాడు.

"ఏయ్! రాయి కింద పడెయ్!"

"ఊకెనే ఆంటీ, ఎగురుతదేమోనని. ఒక్క ఫొటో."

"ముందుగాల నిన్ను ఎగరగొడ్త!"

వెస్లీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, జర మెల్లగ. మొదటి బ్యాచ్. వీళ్లు మంచిగ చెప్తెనే ఇంకొకలు వస్తరు."

రాయి పడేశారు. పక్షి కదల్లేదు. మెడ వంచి వాళ్లను చూసి మళ్లీ పిల్ల మీద సర్దుకుంది. ఏడేళ్లుగా నన్ను చూసి చూసి దానికి కింది మనుషులంటే లెక్కలేదు.

ఫిబ్రవరి 11

ఉపాయం నాదే. తమ్ముడి పని చెడకూడదు, గూటికి రాయి తగలకూడదు. పొద్దున చాయ్ తాగుతూ వాడికి చెప్పాను.

"వాగులకెళ్లి వద్దురా. ఎనుకదిక్కుకెళ్లి గుట్ట పైకి తీస్కపో. పైనుంచి జూస్తె గూడు కనవడది. కనవడకపోతె రాళ్లెవలు ఇసురుతరు?"

"పైన సాపు బండ ఉంటది గదా, ఆడ కూసుంటె పొద్దు పొడుసుడు మస్తు కనవడ్తది." వాడి ముఖం వెలిగిపోయింది. "అక్కా, నీ దిమాకుకు దండం!"

ఇద్దరం సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వెనుక వైపు నుంచి ఎక్కాం. ప్రతి మలుపు దగ్గర ఒక బండ మీద బాణం గుర్తు. నేను ఇరవై రెండు గీశాను. మధ్యాహ్నం గడి రాయాలి కదా అని చివరి మలుపు దగ్గర దిగొచ్చాను. పైన మిగిలిన నాలుగూ వాడు గీశాడు. దిగుతూ వెనక్కి చూస్తే తెల్లటి బాణాలు వరుసగా ముద్దుగా ఉన్నాయి.

పేతురు ఎన్నడూ ఆ గుట్ట పైకి పోలేదు. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పులు అనేవాడు.

ఈరోజు మొక్కుకున్నాను. వెస్లీ ఈ పనిలో నిలబడితే చర్చిలో సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్తానని. వాడికీ చెప్పాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

సూర్యోదయం ట్రెక్కు. పద్నాలుగు మంది. నేను చర్చికి పోయాను. ఒంటిగంటకు మంచె దగ్గరికి వెళ్తే పక్షి గూడు మీదే ఉంది. మూడు గళ్లలోనూ ఉంది అని రాశాను. పొద్దున నేను చూడలేదు నిజమే. ఆదివారం గళ్లు పేతురు కూడా ఇలాగే నింపేవాడు. పక్షి ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరి 17

వెస్లీ పాట పాడుతూ స్నానం చేశాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చికి పోయేముందు ఊరికే అటు వెళ్లాను. ఎనిమిదింటికి గూడు మీద పెద్ద పక్షి లేదు. పిల్ల ఒక్కతే నోరు తెరుచుకుని ఉంది. ఎనిమిది నలభైకి వచ్చింది.

గుట్ట అంచున రంగురంగుల టోపీలు కనిపించాయి. గూటికీ వాళ్లకూ మధ్య రెండు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. వాళ్లకు గూడు కనపడదు, గూటికి వాళ్లేం చేస్తారు? రెండు పక్షులూ వంతులు మారే సమయం అయ్యుంటుంది. నస్పూర్ గనుల్లో కూడా షిఫ్టు మారేటప్పుడు కాసేపు ఎవరూ ఉండరట, పేతురు తమ్ముడు చెప్పేవాడు.

పొద్దున: ఉంది. (ఎనిమిది నలభైకి వచ్చింది కదా.)

మార్చి 1

ఫారెస్టు బీట్ ఆఫీసర్ కరుణాకర్ సార్ వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎండలో నడిచొచ్చి నా కుండలో నీళ్లు రెండు చెంబులు తాగాడు. దుర్బిన్‌లో పిల్లను చూసి చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"రెబెకమ్మా, మీరు మస్తు జేస్తున్నరు. గీ ట్రెక్కింగ్ పోరగాండ్లు గూటికాడికి పోతలేరు గదా?"

"పోతలేరు సార్. ఎనుకకెళ్లి పోతున్నరు. కింద ఒక్కలు రారు."

"పక్షి లేస్తలేదు గదా?"

"లేస్తలేదు సార్."

రిజిస్టరు తిరగేశాడు. నిండా ఉంది, ఉంది, ఉంది. సంతోషంగా సంతకం పెట్టాడు. ఆయన పోయేదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎందుకో నాకే తెలియదు. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఏముంది? గూటి దగ్గరికి ఎవరూ పోవడం లేదు.

మార్చి 2, ఆదివారం

ఇరవై ఆరు మంది. మంచె వైపు వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదు.

మార్చి 5, భస్మ బుధవారం

నుదుటి మీద బూడిద పెట్టించుకుని మంచె మీదికి వచ్చాను. ఈస్టరు దాకా ఈ నలభై రోజులూ చాయ్ మానేశాను. మానాల్సింది ఇంకేదో ఉన్నట్టు అనిపిస్తోంది కానీ తట్టడం లేదు.

పిల్లకు రెక్కల దగ్గర నల్లటి మొలకలు కనిపిస్తున్నాయి.

మార్చి 9, ఆదివారం

చర్చి మానేసి మంచె మీద కూర్చున్నాను.

ఏడు పదికి పైన టోపీలు కనిపించాయి. ఏడు పన్నెండుకు పక్షి లేచింది. గుట్ట చుట్టూ తిరుగుతూనే ఉంది, దిగదు. రెండోది ఎక్కడి నుంచో వచ్చి అదీ తిరగసాగింది. పైన పాటలు. పిల్ల మెడ చాచి బండకు ఆనించింది. నోరు తెరిచి ఎగపోస్తోంది. వేసవిలో కోళ్లు ఎగపోసినట్టు. తొమ్మిదికి టోపీలు పోయాయి. తొమ్మిది ఐదుకు పక్షి దిగింది.

పొద్దున: ఉంది.

తొమ్మిది కూడా పొద్దునే.

మార్చి 10, సోమవారం

ఈరోజు ఎవరూ రారు. నేనే ఎక్కాను. చూసి మనసు కుదుట పరుచుకుందామని. పక్షి లేవడం పాటల వల్ల కావచ్చు, రంగు టోపీల వల్ల కావచ్చు, గుంపు వల్ల కావచ్చు. అలాగైతే టోపీలు వద్దని చెప్తే సరిపోతుంది కదా, తమ్ముడి పని సాగుతుంది, పిల్ల బతుకుతుంది అనుకున్నాను. నేను గీసిన బాణాల వెంటే ఎక్కాను. గంట పట్టింది. పైన సాపు బండ మీద బిస్కెట్ కాగితాలు, సగం నీళ్లున్న సీసా ఉన్నాయి.

నేను ఒక్కదాన్ని. పాట లేదు, టోపీ లేదు. రోజూ కట్టుకునే ఈ ముదురాకుపచ్చ చీరే. చెప్పులు కూడా విప్పాను. పిల్లిలా అంచు దాకా వెళ్లి తల బయట పెట్టాను.

కాళ్ల కింది నుంచి దభీమని రెక్కల చప్పుడు. అంత దగ్గర నుంచి ఆ రెక్కలను నేనెప్పుడూ వినలేదు. బండ కింద నుంచి బయటికి దూకి, గాలిలో తిరిగి, మెడ తిప్పి నన్ను చూసింది.

ఏడేళ్లు. నేను దగ్గినా, తుమ్మినా, పేతురు పోయిన వారంలో మంచె మీద గొంతెత్తి ఏడ్చినా కదలని పక్షి. కింద ఉన్న నన్ను అది ఎప్పుడూ మనిషిగా లెక్కపెట్టలేదు. నెత్తి మీద నా తల ఒక్కటి కనిపించేసరికి పిల్లను వదిలి లేచిపోయింది. దాని నెత్తి మీద ఎవరుంటారు? దానికి పైన ఆకాశమే ఉండాలి. అక్కడ తల కనిపిస్తే ఏ తల్లయినా లేస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నేను కింద నుంచి చూస్తూ అంతా కింద నుంచే ఆలోచించాను.

బండ మీద బోర్లా పడుకుని వెనక్కి పాకాను. మోచేతులు చెక్కుకుపోయాయి. చెట్ల చాటుకు వచ్చి దిగి మంచె దగ్గరికి చేరేసరికి అది గూటి మీద కూర్చుని ఉంది.

పేతురుకు మోకాళ్ల నొప్పులట. మోకాళ్ల నొప్పులున్న మనిషి సైకిల్ తొక్కుకుంటూ నస్పూర్ దాకా పోయి వచ్చేవాడు. ఆయనకు తెలుసు. తెలుసని నాకు చెప్పకుండా పోయాడు. చెప్పి ఉంటే నేను వినేదాన్నా? వినేదాన్నే. ఆయన మీద కోపం వస్తోంది. పోయినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత సులువు.

వెస్లీకి చెప్పాలి. సాయంత్రం చెప్తా.

మార్చి 11

ఉంది. ఉంది. ఉంది. పైన ఎవరూ లేరు కాబట్టి నిజంగానే ఉంది.

వెస్లీ మంచిర్యాల పోయాడు, రాత్రికి గానీ రాడు.

మార్చి 13, గురువారం

చెప్పబోయాను. వాడు మంచం మీద నలభై రెండు టోపీలు పరిచి ఒక్కో దాని మీద గుట్ట బొమ్మ స్టిక్కరు అంటిస్తున్నాడు. రేపు హోలీ. ఇంత పెద్ద గుంపు ఎప్పుడూ రాలేదట.

"వెస్లీ."

"ఆఁ అక్కా."

"నీతోని ఒక ముచ్చట చెప్పాలెరా."

తల ఎత్తాడు. ఏడాదిన్నర కింద గోడ వైపు తిరిగి పడుకున్న ముఖం అది. దాని మీద ఇప్పుడు నవ్వు ఉంది.

"చెప్పు."

"రేపు వాళ్లకు తినతందుకు ఏం బెడ్తున్నవ్?"

"అదే సమజ్ అయితలేదు అక్కా. గుడాలు చేస్తవా? నీ చేతి గుడాలు తిన్నోళ్లు మర్వరు."

శనగలు నానబోశాను. నాలుగు కిలోలు. హోలీ ఒక్కరోజే కదా. హోలీ అయ్యాక చెప్తా. ఒక్క పొద్దున.

మార్చి 14, హోలీ

ఏడు గంటలకు మంచె మీద ఉన్నాను.

ఏడు ఇరవైకి పైన టోపీలు. ఎర్రగా, పసుపుగా, అన్నీ ఒకేలాంటివి. పక్షి లేచింది. స్పీకరు మోత. ఎనిమిది అయింది. ఎనిమిదిన్నర. పిల్ల ఎగపోస్తోంది. గూడు మధ్యలో నుంచి లేచి, పొట్ట మీద పాకుతూ అంచు వైపు జరిగింది. అక్కడ ఒక రాయి ముక్క ఉంది, దాని కింద జానెడు నీడ ఉంది. ఆ నీడ కోసం పోతోంది.

మంచె మీద నిలబడి కొంగు విప్పి ఊపాను. దిగండి, వెనక్కి పోండి అని అరిచాను. స్పీకరు ముందు నా అరుపు ఎంత? పైన వాళ్లు నన్ను చూశారు. చేతులూపారు. నేను ఇంకా గట్టిగా ఊపితే వాళ్లూ ఇంకా గట్టిగా ఊపారు. ఒకడు రంగు చల్లాడు. గులాబీ రంగు గాల్లో తేలుతూ బండ మీదుగా కిందికి వచ్చింది.

ఫోన్ కలవలేదు, అక్కడ సిగ్నల్ ఉండదు. దిగి, వాగు దాటి, వెనుక నుంచి ఎక్కాను. నా బాణాల వెంట పరుగు. గంట దారి ముప్పావు గంటలో ఎక్కాను. పైన విస్తరాకుల్లో గుడాలు తింటున్నారు.

"అక్కా! వచ్చినవా! జర రంగు వెట్టుకో..."

"దిగుండ్రి! పక్షి లేచిపోయిందిరా. పిల్ల ఎండల ఉన్నది. దిగుండ్రి!"

వెస్లీ నా ముఖం చూశాడు. స్పీకరు ఆపి, విస్తరాకులు ఎక్కడివక్కడ వదిలేయించి, అందరినీ పది నిమిషాల్లో సాపు బండ మీద నుంచి దింపేశాడు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఒక అమ్మాయి, "సారీ అక్కా, మాకు ఎరుక లేదు," అంది. దిగేటప్పుడు వెస్లీ అన్నాడు:

"పొద్దుగాల్నే చెప్తె ఇంకో దిక్కు తీస్కపోయెటోన్ని గదా అక్కా."

అంతే. చెప్తే అయిపోయేది. వాడు కోప్పడతాడేమో, మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటాడేమో అని నేను భయపడిందంతా నా తలలోనే ఉంది.

మంచె దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. గూడు మీద పక్షి ఉంది. రెక్క కొంచెం ఎత్తి నీడ పట్టి కూర్చుంది. దాని కింద పిల్ల లేదు. రాయి ముక్క దగ్గర లేదు. దుర్బిన్‌తో ఆ అంచు అంతా వెతికాను.

బండ కింద రాళ్ల మధ్య దొరికింది. ఇంకా వెచ్చగా ఉంది. దెబ్బ వల్ల కావచ్చు, ఎండ వల్ల కావచ్చు. ఒళ్లో పెట్టుకుంటే చేప పొట్ట వాసన. మంచె కింద తవ్వి పాతిపెట్టాను. మీద రాయి పెట్టాను.

సాయంత్రం వెస్లీ అడిగాడు, "పిల్ల మంచిగున్నదా అక్కా?"

"ఉన్నది," అన్నాను.

మార్చి 15

ఉంది. ఉంది. ఉంది.

ఖాళీ గూటి మీద. నీడ పట్టి.

మార్చి 18

చాయ్ తాగాను. రెండుసార్లు.

మార్చి 24

కరుణాకర్ సార్ ఫోన్. పిల్ల ఫొటో పంపమన్నాడు, పై ఆఫీసరుకు చూపిస్తాడట. ఎండకు మసకగా వస్తోంది సార్ అన్నాను. ఫికర్ లేదమ్మా, నిమ్మళంగా పంపండి అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు ప్రేమ్‌చంద్ అయ్యగారు పిలిచారు. "రెబెకమ్మా, వెస్లీ మంచిగ నిలబడ్డడు. నువ్వు సాక్ష్యం చెప్తనని మొక్కుకున్నవంట గదా. మట్టల ఆదివారం చెప్తవా?"

వెస్లీనే చెప్పాడట. హోలీ తర్వాత గుంపులను వేరే గుట్టకు తీసుకుపోతున్నాడు, పని సాగుతోంది, వాడికి అంత సంతోషం.

చెప్తానన్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చేతిలో ఈత మట్ట పట్టుకుని నిలబడ్డాను. వెస్లీ మూడో వరుసలో ఉన్నాడు. కొత్త చొక్కా. అందరూ నా వైపు చూసి నవ్వుతున్నారు. నేను సాక్ష్యం చెప్తే నవ్వు వచ్చేలా చెప్తానని సంఘంలో పేరు.

"అందరికి వందనాలు," అన్నాను. "నా తమ్మున్ని దేవుడు నిలవెట్టిండు. అది నిజం. దానికి స్తోత్రం. ఇంకోటి గూడ నిజమే, అది నేను నెలసంది దాస్తున్న."

ఆపై ఆగలేదు. బాణాలు నేను గీశానని చెప్పాను. పై నుంచి పోతే పక్షి లేస్తుందని మార్చి పదినాడే నాకు తెలిసిందని చెప్పాను. నాలుగు రోజులు నోరు మూసుకుని శనగలు నానబోశానని చెప్పాను. పిల్ల నీడ కోసం పాకి పడిపోయిందని, మంచె కింద పాతిపెట్టానని, రిజిస్టరులో ఉంది ఉంది అని రాశానని చెప్పాను. మట్ట ఆకులన్నీ ఎప్పుడు పీకేశానో, నా చేతిలో ఈనె ఒక్కటే మిగిలింది.

ఎవరూ ఆమెన్ అనలేదు. చివరికి వెనుక నుంచి ఐలవ్వ లేచింది. డెబ్బై ఐదేళ్ల మనిషి, ఈ సంఘంలో ఎవరు తప్పు చేసినా ముందు తిట్టేది ఆమే. తిడుతుందని తల వంచుకున్నాను.

"మరి ఈస్టర్ తెల్లారి మనం ఏడికి పోదాం?" అంది. "ఏటేట ఆ సాపు బండ మీద్నె గదా మన పార్థన. గా గుట్ట మీద మనం గూడ పాటలు వాడినం గదనే."

అది నాకు ఇంతవరకు తట్టనే లేదు. పోయిన రెండేళ్లూ కూడా ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా అదే బండ మీద మోకరించింది. పేతురు బతికున్నన్నాళ్లూ ఎప్పుడూ రాలేదు, ఇంట్లోనే ప్రార్థన చేసుకునేవాడు. ఆయన పోయిన ఏడు నేనూ లేవలేక ఇంట్లోనే ఉన్నాను, పోయినేడు జ్వరం. గుడ్లు చెడిపోయింది కూడా ఆ రెండేళ్లే. గుడ్లు ఈస్టరుకు ముందే చెడ్డాయో తర్వాత చెడ్డాయో గుర్తు లేదు. రిజిస్టరు చూడాలి. చూడాలంటే భయంగా ఉంది.

వెస్లీ లేచి బయటికి పోయాడు.

ఏప్రిల్ 14

"ఇంట్ల చెప్తె అయిపోతుండె గదా అక్కా." వాడు గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు. "నేను రోజు అడిగిన. పిల్ల మంచిగున్నదా, పిల్ల మంచిగున్నదా అని. ఉన్నదన్నవ్. నెల దినాలు. గిప్పుడు పది మందిల నిలవడి చెప్తవా?"

"నువ్వు మళ్ల పండుకుంటవేమోనని భయపడ్డరా."

"నేను పండుకుంట, లేస్త. నీకెందుకు? నన్ను పసిపోరన్ని జేసి పక్షి పానం దీస్తివి."

తప్పు నాదే అన్నాను. వాడు అన్నం తినలేదు.

ఏప్రిల్ 16

రిజిస్టరు చూశాను. ఆ రెండేళ్లూ గుడ్డు ఫిబ్రవరిలోనే చెడింది. ఈస్టరు వచ్చింది ఆ తర్వాతే. మా పాటల వల్ల కాదు. కాసేపు మనసు తేలికపడింది. కానీ ఫిబ్రవరిలో పైకి ఎవరు పోయారో, పశువుల కాపరులో, కట్టెల వాళ్లో, తేనె కోసం పోయినవాళ్లో, ఎవరికి తెలుసు? మా రిజిస్టరులో ఆ గడి లేదు. పక్షి ఉందా లేదా అనే రాశాం. మనుషులు ఉన్నారా లేదా అని ఎప్పుడూ రాయలేదు.

ఏప్రిల్ 19, శనివారం

బాణాలు చెరిపేద్దామని తడిబట్ట, చీపురు పట్టుకుని వెనుక నుంచి ఎక్కాను. మొదటి బాణం లేదు. దాని మీద ఎర్రమట్టి మెత్తి ఉంది. రెండోదీ అంతే. ఇరవై రెండూ అంతే. మట్టి ఇంకా తడిగానే ఉంది. చివరి నాలుగు చూడటానికి పైకి పోలేదు.

ఇంటికి వస్తే వెస్లీ బకెట్టు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. అన్నం వడ్డించాను, తిన్నాడు.

ఏప్రిల్ 20, ఈస్టర్

వాగు ఒడ్డున చేరాం, బండకు దూరంగా, మంచెకు ఇవతల. అరవై మంది రావాల్సింది ఇరవై ముగ్గురం వచ్చాం. కొందరికి నా మీద కోపం, కొందరికి వాగులో ఇసుక మీద కూర్చోవడం ఇష్టం లేదు. ఐలవ్వ మాత్రం అందరికంటే ముందు వచ్చి చీర చెంగు పరుచుకుని కూర్చుంది. మైకు లేదు. అయ్యగారు మెల్లగా చదివారు. పొద్దు బండ మీద పడింది. గూటి పక్క అంచు మీద రెండు పక్షులూ రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. మా వైపు చూడనైనా లేదు.

ఐలవ్వ నా డొక్కలో పొడిచింది. "గవేనా నీ పిట్టలు? ఎంత వికారమున్నయే!"

నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. రెండూ ఆమె భుజం మీదే.

ఏప్రిల్ 21, సోమవారం

స్కేలు పెట్టి రిజిస్టరులో నాలుగో గడి గీశాను. ఫిబ్రవరి మొదటి తేదీ నుంచి. పైన "గుట్ట పైన మనుషులు" అని రాశాను. వెస్లీని ఒక్కో ఆదివారం ఎంతమంది అని అడిగితే, వారం రోజుల్లో మొదటిసారి సరిగ్గా జవాబు చెప్పాడు. పద్నాలుగు. పద్దెనిమిది. ఇరవై ఆరు. ముప్పై ఒకటి. హోలీకి నలభై రెండు. తర్వాత నేను అబద్ధం రాసిన ప్రతి "ఉంది"నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, తెలిసిన చోట నిజం రాశాను, తెలియని చోట "చూడలేదు" అని రాశాను.

మధ్యాహ్నం కరుణాకర్ సార్ వచ్చాడు. ఊళ్లో అప్పటికే విన్నట్టున్నాడు, నీళ్లు కూడా అడగలేదు. పని పోతుందని అనుకున్నాను. పోతే పోనీ అని రిజిస్టరు చేతికిచ్చాను. మంచె మెట్టు మీద కూర్చుని ఒక్కో పేజీ చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

"మార్చి పది కాడ ఒకటి అని ఉన్నది. సోమవారం గదమ్మా, ఆ దినం ట్రిప్పు లేదు గదా. ఎవలు గా ఒక్కలు?"

"నేనే సార్."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నాలుగు వరుసల కిందికి, హోలీ దగ్గరికి వేలు జరిపాడు. మధ్యలో ఉన్న ఒక్కో తేదీ మీదా ఆపుతూ, మెల్లగా జరిపాడు.